పీహెచ్ 8 దాటితే

సాగర్ రోడ్డు మీద మాల్ దాటినంక అక్కడక్కడా ఫామ్‌హౌస్‌లు కనిపిస్తాయి. పెద్ద గేటు, మామిడి చెట్లు, వెనకాల నీలం టైల్స్ స్విమ్మింగ్ పూల్. అట్లాంటి ఆరు పూల్స్ చూసుకోవడం నా పని. బీఎస్సీ కెమిస్ట్రీ చేసి పూల్స్ కడుగుతున్నవా అని ఊర్లో నవ్వినోళ్లున్నారు. కెమిస్ట్రీ అంతా అందులోనే ఉందని వాళ్లకేం తెలుసు!

నీళ్లు తేటగా కనిపిస్తే చాలనుకుంటారు చాలామంది. అది సరిపోదు. పీహెచ్ 7.2 నుంచి 7.6 మధ్య ఉండాలి. లీటరుకు క్లోరిన్ 1 నుంచి 3 మిల్లీగ్రాములు, అల్కలినిటీ 80 నుంచి 120. ముందు అల్కలినిటీ సరిచేయాలి, తర్వాత పీహెచ్, ఆఖరికి క్లోరిన్. పీహెచ్ 8కి చేరిందంటే, మనం వేసిన క్లోరిన్‌లో క్రిములను గట్టిగా చంపే రూపం దాదాపు పావు వంతే మిగులుతుంది. డబ్బాలకు డబ్బాలు పోసినా గోడలకు పాచి పడుతుంది. అన్నట్టు, ‘వాసన ఘాటుగా ఉంది, క్లోరిన్ ఎక్కువైందా?’ అని అడుగుతుంటారు. ఆ ఘాటు క్లోరిన్‌కు చెమట, మూత్రం కలిస్తే పుట్టేది. దిగే ముందు స్నానం చేయండి సార్ అంటే మాత్రం ముఖాలు మాడిపోతాయి.

మా వైపు బోరు నీళ్లతో ఇంకో తిప్పలుంది. ఆదివారం యాసిడ్ వేసి పీహెచ్ 7.4కి దించితే బుధవారానికి మళ్లీ 8. నల్లరాయి పొరల్లోంచి వచ్చే నీళ్లలో బైకార్బనేట్లు ఎక్కువ. మోటారు తిప్పినకొద్దీ అందులోని కార్బన్ డయాక్సైడ్ గాల్లోకి పోతుంది, పీహెచ్ పైకి ఎక్కుతుంది.

పూల్‌ను సతాయించే ఈ గుణమే మా నాయనమ్మ మెడను కూడా పట్టుకుంది. నీళ్లలో కాల్షియం ఎక్కువుంటే అది ఫ్లోరైడ్‌ను పట్టుకొని కరగకుండా ఆపుతుంది. కాల్షియం తక్కువ, అల్కలినిటీ ఎక్కువైతే రాయిలోని ఫ్లోరైడ్ బాగా కరిగి నీళ్లలోకి వస్తుంది. మాది మర్రిగూడ మండలం. ఇక వేరే చెప్పాల్నా? పక్క నుంచి పిలిస్తే నాయనమ్మ మెడ తిరగదు, మనిషి మొత్తం తిరగాలి. 1996లో నల్లగొండ లోక్‌సభ సీటుకు 480 మంది పోటీ చేశారు. వాళ్లలో ఎక్కువమంది గెలవాలని కాదు, మా ఫ్లోరైడ్ గోస ఢిల్లీకి వినపడాలని నిలబడ్డవాళ్లు. బ్యాలెట్ పేపర్ ఏకంగా పుస్తకమైంది.

నాగపూర్‌లోని నీరీ శాస్త్రవేత్తలు 1970లలో దీనికో పద్ధతి చెప్పారు. దాని పేరే ‘నల్లగొండ టెక్నిక్’. నీళ్లలో సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి, ముందు జోరుగా, తర్వాత మెల్లగా తిప్పాలి. గంటసేపు కదపకుండా ఉంచితే ఫ్లోరైడ్‌ను పట్టుకొని మడ్డి అడుగుకు దిగుతుంది, పైన తేట వాడుకోవాలి. పూల్ మసకబారితే నేను రాత్రి పటిక వేసి పొద్దున అడుగు మడ్డి లాగేస్తాను, దాదాపు అదే పని. ఆ పద్ధతి టాంజానియా, ఇథియోపియా దాకా మా జిల్లా పేరుతోనే పోయింది. కానీ ఇంటింటా రోజూ కొలిచి వేసేదెవరు, మడ్డి పారబోసేదెక్కడ? పూల్‌కైతే నేనున్నాను.

పోయిన ఎండాకాలం ఒక ఫామ్‌హౌస్‌లో వాచ్‌మన్ భార్యను అడిగాను.

“అక్కా, తాగే నీళ్లు ఎక్కడియి?”

“గీ బోరుయే తమ్మీ. మంచిగ తియ్యగుంటయి.”

వాళ్ల బాబుకు మూడేళ్లు. పక్కా పన్ను మీది ఎనామిల్ లోపల తయారయ్యే వయసు అదే. ఎనిమిదేళ్లలోపు ఫ్లోరైడ్ ఎక్కువైతే పళ్ల మీద పడ్డ మచ్చ ఇక పోదు. నా కిట్‌లో పీహెచ్ చుక్కలున్నాయి, క్లోరిన్ చుక్కలున్నాయి, ఫ్లోరైడ్‌కు ఏమీ లేదు. బాటిల్ నింపుకొని ల్యాబ్‌కు పట్టుకుపోయాను. వేరే దిక్కు లేకపోతేనే ఒప్పుకునే హద్దు 1.5 మిల్లీగ్రాములు. అదీ దాటింది.

ఓనర్‌కు ఫోన్ చేస్తే, “పూల్‌కేమన్నా ప్రాబ్లమా?” అన్నారు.

“ఈతకు ఏం కాదు సార్, తాగితేనే.”

“అయితే ఓకే కదా.”

ఓకే కాదు సార్, అక్కడ ముగ్గురు తాగుతున్నారు అని చెప్పాను. కొంచెంసేపు మాట్లాడలేదు. చూద్దాం అన్నారు. మూడు వారాలైంది, ఇంకా చూస్తూనే ఉన్నారు.

మా ఊరికి మిషన్ భగీరథ నల్లా ఉంది, ఆ చెలకకు లేదు. అందుకే వారానికి మూడుసార్లు పూల్‌కు పోయేటప్పుడు బండికి రెండు క్యాన్లు కట్టుకొని పోతున్నాను. తాగడానికే కాదు, అన్నానికి, చాయ్‌కి కూడా ఇవే వాడాలని చెప్పాను.

“బోరు నీళ్లు కాగబెడ్తె పోదా?” అంది.

“పోదక్కా. ఆవిరై నీళ్లే తగ్గుతయ్, ఫ్లోరైడ్ అట్లనే ఉంటది, ఇంకా చిక్కబడ్తది.”

తలూపి బాబుకు గ్లాసెడు పోసింది, తనూ ఒక గుక్క తాగింది.

“జర సప్పగున్నయ్ తమ్మీ,” అంది.