ట్రంకు పెట్టెలోని రెండు పుస్తకాలు

వడమాలపేటలో మా మందిరపు బల్ల వెనుక ఒక ఇనుప ట్రంకు పెట్టె ఉన్నది. అందులో రెండు పాత పుస్తకాలు. ఒకటి బాప్తిస్మముల రిజిస్టరు. రెండవది అట్ట ఊడిపోయిన కీర్తనల నోటు పుస్తకము. చెదలు పట్టకుండా వేపాకు వేసి, ఏడాదికి రెండుమార్లు ఎండలో పెట్టడం తప్ప వాటి గూర్చి నేను ఎక్కువగా తలచింది లేదు. ఆ తలంపు పుట్టించినవాడు మన దేశస్థుడు కాడు, స్వీడిషు మాట్లాడే ఒక అతిథి.

ఆయన తిరుపతిలో ఒక కూడికకు వచ్చారు. ఊరు ఫిన్లాండు. "అయితే మీది ఫిన్నిషు భాష గదా" అన్నాను. కాదట, ఇంటిలో స్వీడిషు. ఆ దేశములో స్వీడిషు మాతృభాషగా గలవారు నూటికి సుమారు ఐదుగురే. వారి ఉత్తరాలు, పాటలు, పల్లె మాటలు నశించిపోకుండా 1885లో ఒక సాహిత్య సంఘమును, 1908లో ఒక సాంస్కృతిక నిధిని పెట్టుకున్నారు. వీలునామాలలో వ్రాసిపోయిన సొమ్ము, విరాళాలుగా వచ్చిన సొమ్ము అందుకు మూలధనము. పరిశోధకులు, గాయకులు, ఉపాధ్యాయులు దరఖాస్తు పెట్టుకొని సహాయము పొందుతారు. ఆయన కూడా తన తాత పాటల కోసము ఒకసారి దరఖాస్తు వ్రాశారట. "వ్రాయడానికి కూర్చున్న తరువాతనే, మా తాత గురించి నాకు ఎంత తెలియదో తెలిసింది" అన్నారు.

ఆ మాట బస్సులో ఇంటికి వచ్చేదాకా నన్ను వదలలేదు. వారు కొద్దిమంది. మన తెలుగువారము 2011 జనాభా లెక్కల ప్రకారమే ఎనిమిది కోట్లకు పైగా ఉన్నాము. 2008లో మన భాషకు ప్రాచీన భాష హోదా వచ్చింది, నెల్లూరులో అందుకొక అధ్యయన కేంద్రము ఉన్నది. అయితే మా నోటు పుస్తకము ప్రాచీనము కాదు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలవలె అచ్చు పుస్తకములోకి ఎక్కినదీ కాదు. ఊరి ఉపదేశులు నాట్ల పాటల వరసలో, కోలాటపు వరసలో కట్టుకున్నవి, పుత్తూరు, నగరి పక్కల తమిళము కలిసిన పలుకుతో. ఇటువంటివి ఎవరి లెక్కలోకీ రావు.

మన తొలి తెలుగు పుస్తకాల సంగతి ఎంతమందికి తెలుసు? 1726లో మద్రాసుకు వచ్చిన బెంజమిన్ షుల్జ్‌గారు తెలుగు నేర్చి, తిరిగి వెళ్లిన తరువాత 1746, 1747 సంవత్సరాలలో జర్మనీలోని హాలె పట్టణములో తెలుగు పుస్తకాలు అచ్చు వేయించారు. మన ప్రాంతానికి 1865 మొదలుకొని హెర్మన్స్‌బర్గు మిషనరీలు వచ్చారు. సూళ్లూరుపేట, నాయుడుపేట, కాళహస్తి, తిరుపతి వైపు పని చేశారు. మొదటి ప్రపంచ యుద్ధములో జర్మనీ వారన్న కారణమున వారు ఇక్కడ ఉండలేకపోయారు, అమెరికావారు ఆ పని అందుకున్నారు. దొరల ఉత్తరాలు వారి దేశాలలో భద్రముగా ఉన్నవి. వారికి తెలుగు నేర్పి, వారి ప్రసంగాన్ని మాలపల్లెకు, మాదిగపల్లెకు అర్థమయ్యేటట్టు చెప్పిన మన ఉపదేశుల వ్రాతలు మాత్రము ట్రంకు పెట్టెలలో ఉన్నవి.

సరే, దరఖాస్తు పెడదామనుకున్నాను. మా అబ్బాయి తన ఫోనులో వెదకి, బ్రిటిషు లైబ్రరీవారి ఒక పథకము చూపించాడు. నశించిపోతున్న పాత కాగితాల కోసము 2004లో ఆరంభమైనది. అసలు పుస్తకము ఆ దేశములోనే ఉండాలి, ఫోటో ప్రతులు తీసి ఒకటి స్థానికముగా ఉంచాలి, అందరూ ఉచితముగా చూసేటట్టు పెట్టాలి. ఆ నియమములు నాకు నచ్చినవి. అదే పద్ధతిలో నడిచే ఇంకొక చిన్న సహాయనిధి ఫారము తెచ్చుకొని, లాంతరు కాలము నాటి అలవాటు చొప్పున రాత్రి భోజనము తరువాత వ్రాయ మొదలుపెట్టాను.

పుస్తకపు వయస్సెంత అన్న గడిలో "150 సంవత్సరములు" అని వ్రాశాను. మా సంఘములో అందరూ చెప్పే మాట అదే. మరునాడు పుటలు లెక్కపెడుతుంటే ఒక పాట అడుగున, అదే సిరాతో, 1931 అని కనబడింది. చాలాసేపు ఆ అంకె వైపే చూశాను. అది ఒక్క పాట తేదీ మాత్రమే కదా, మిగతావి పాతవి కావచ్చును కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆదివారము పదియాజ్ఞలు చదివించేవాడిని! రెండు రోజుల తరువాత ఆ అంకె కొట్టివేసి, 1931 అని వ్రాశాను. వయస్సు తగ్గితే సహాయము వచ్చే ఆశా తగ్గుతుందని తెలిసే వ్రాశాను.

అసలు చిక్కు రిజిస్టరుతో వచ్చింది. అందులో నోటు పుస్తకము కన్నా విలువైన సంగతులున్నవి. తండ్రి పేరు, పాత పేరు, కొత్త పేరు, కులము, ఊరు. దాన్నీ జతచేద్దామని సంఘ పెద్దలను పిలిచాను. ఒక పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "అయ్యగారూ, ఆ బుక్కులో మా నాయన పేరు, మా జేజి పేరు, మా కులము అన్నీ ఉండాయి. కంప్యూటర్లో పెడితే లోకమంతా చూస్తాది గదా. రేపు నా మనవడి సర్టిఫికెట్టు మాటేంది?" అన్నాడు.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మన ఇండ్లలో ఏమి చేసిందో ఈ పత్రిక పాఠకులకు నేను వివరించనక్కరలేదు. హిందువులకే ఉన్న షెడ్యూల్డు కులాల గుర్తింపు 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చారు. క్రైస్తవులకు ఇవ్వలేదు. మన రాష్ట్రములో వారిని బి.సి. 'సి' వర్గములో చేర్చారు. ఒకే తండ్రి బిడ్డలు రెండు కాగితాల మధ్య నలిగిపోయిన ఇండ్లు నాకు తెలుసు. వారిని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. బాప్తిస్మమిచ్చి పేరు వ్రాసిన చేతులు మావి. ఆ పేరును లోకము ముందు పరచే అధికారము కూడా మాకున్నదా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఫారములో హక్కుదారుల అనుమతి అని ఒక గడి ఉన్నది. నేను సంఘకాపరిని, సంతకము నాది అనుకొని ఉన్నాను. పెద్దలందరము కూర్చొని రిజిస్టరును జాబితాలోనుండి తీసివేశాము. అది ట్రంకు పెట్టెలోకే తిరిగి వెళ్లింది. ఈసారి తాళము వేశాము.

ఇక కీర్తనల సంగతి. ఆ పాటలను వరసతో పాడగలిగినవారు మా సంఘములో ఇద్దరు అవ్వలే మిగిలారు. వారిలో పెద్దావిడ ఇంటికి వెళ్లి, నోటు పుస్తకము ముందుంచుకొని పాడమన్నాను. మూడవ చరణములో ఆమె పాడిన మాట ఒకటి, పుస్తకములో ఉన్నది ఇంకొకటి. ఏది సరి అని అడిగితే, ఆమె నన్ను చిన్నపిల్లవాణ్ణి చూసినట్టు చూసింది.

"రెండూ పాడతాము నాయనా. గుళ్లో ఒగటి, కయ్యిలో ఒగటి."

ఫారములో 'మూలపాఠము' అన్న గడికి ఒక్క పంక్తి చోటే ఉన్నది. గడువు ఈ నెలాఖరు.