అంగ్‌కోర్‌లో మూడు రోజులు

చిన్ననాడు చరిత్ర పాఠంలో కాంభోజ దేశం, అంగ్‌కోర్ వాట్ అన్న పేర్లు చదివి, పరీక్ష వ్రాసి, మరచిపోయిన వారిలో నేనూ ఒకణ్ణి. పదవీ విరమణకు ఇంకా రెండేళ్ళుండగా, గత డిసెంబరులో వాటిని కళ్ళారా చూచే భాగ్యం లభించింది. పిల్లలిద్దరూ ఉద్యోగాలలో స్థిరపడ్డారు గనుక నేనూ, మా శ్రీమతీ మాత్రమే బయలుదేరాము.

కంబోడియాలోని సియెమ్ రీప్ పట్టణం ఈ యాత్రకు కేంద్రం. 9వ శతాబ్దం నుండి 15వ శతాబ్దం వరకు ఖ్మేర్ రాజులకు రాజధానిగా వర్ధిల్లిన అంగ్‌కోర్ దాని పొలిమేరలోనే ఉన్నది. మూడు రోజుల ప్రవేశపత్రం 62 డాలర్లు. దానిపై అక్కడికక్కడే మన ఫోటో అచ్చువేసి ఇస్తారు. ప్రభుత్వ అనుమతి గల గైడు నొకరిని, ఒక టుక్‌టుక్‌ను మూడు రోజులకూ మాట్లాడుకున్నాము. గైడు వయస్సు ఇంచుమించు నా వయస్సే. మితభాషి. ఆంగ్లం చక్కగా మాట్లాడుతాడు.

మొదటి రోజు తెల్లవారక ముందే అంగ్‌కోర్ వాట్ చేరుకున్నాము. 12వ శతాబ్దపు పూర్వార్ధంలో రెండవ సూర్యవర్మ విష్ణువు కొరకు నిర్మించిన ఈ ఆలయం పశ్చిమాభిముఖం. అందువల్ల ఎదుట నిలిచిన వారికి గోపురాల వెనుక నుండి సూర్యోదయమవుతుంది. మధ్య శిఖరం ఎత్తు 65 మీటర్లు. చుట్టూ 190 మీటర్ల వెడల్పు గల కందకం. గోడల మీద భీష్ముని అంపశయ్య, లంకా యుద్ధం, 49 మీటర్ల పొడవున క్షీరసాగర మథనం చెక్కి ఉన్నాయి. కూర్మావతారాన్ని గుర్తుపట్టి మా శ్రీమతి తానే నాకు గైడు అయినది.

నా దృష్టి మాత్రం పునాది మీదకు పోయింది. ఇంత బరువు నిలిచినది ఇసుకనేల మీద. ఇసుకలో తేమ ఉన్నంతకాలం భయం లేదు. భూగర్భజలం తగ్గితే నేల కుంగే ప్రమాదమున్నది. పట్టణంలో హోటళ్ళు పెరిగి బోర్ల వాడకం హెచ్చిన తరువాత, ప్రాచీన కాలువలనూ చెరువులనూ బాగుచేసి నీరు నిలపడానికి అక్కడి సంరక్షణాధికారులు పూనుకొన్నారు. మన రామప్ప గుడి పునాదిలోని ఇసుకను, ప్రక్కనే ఉన్న చెరువును తలచుకోకుండా ఉండలేకపోయాను.

రెండవ రోజు ఉదయం తా ప్రోమ్ చూచాము. మహావృక్షాల వేళ్ళు గోడలను పెనవేసుకొన్న ఈ ఆలయంలో మన పురావస్తు శాఖవారు 2004 నుండి కంబోడియావారితో కలిసి పునరుద్ధరణ పనులు చేపట్టారు. అక్కడి నర్తన మండపం పని 2022లో పూర్తయినదని తెలిసి గర్వించాను.

ఆ మధ్యాహ్నం చూచిన బాఫువోన్ ఆలయం నన్ను ఈనాటికీ వదలలేదు.

ఇది 11వ శతాబ్దపు శివాలయం. మెట్ల పిరమిడ్ ఆకారం. లోపల నింపిన మట్టీ ఇసుకా వెలుపలి రాళ్ళను త్రోయడం వల్ల 1943లో కొంత భాగం కూలిపోయింది. 1960లో ఫ్రెంచి నిపుణులు ఆలయాన్ని రాయి రాయిగా విప్పి, లోపల కాంక్రీటు గోడ కట్టి, మళ్ళీ యథాతథంగా పేర్చాలని సంకల్పించారు. సుమారు 3 లక్షల రాళ్ళను చుట్టూ ఉన్న అడవిలో పరచి, ఏ రాయి ఎక్కడిదో రికార్డు చేసుకున్నారు. ఇంతలో అంతర్యుద్ధం. పని నిలిచింది. 1975లో ఖ్మేర్ రూజ్ పాలన వచ్చింది; రికార్డులు నాశనమయ్యాయి. రాళ్ళు మిగిలాయి, వాటి చిరునామా పోయింది.

1995లో పని మళ్ళీ మొదలైంది. ప్యారిస్‌లో దాచి ఉంచిన పాత ఫోటోలను ముందు పెట్టుకొని, ఒక్కొక్క రాతినీ కొలిచి, దాని అంచును బట్టి ప్రక్క రాతిని వెదకినారు. సున్నం వాడని కట్టడం గనుక ఒకదాని చోట మరొకటి ఇమడదు. 2011లో ఆలయం పూర్తయింది. పదహారేళ్ళు!

"కాగితాలే కాదు సార్, వాటిని చదవగలిగినవారూ పోయారు" అన్నాడు గైడు. కొంతసేపు మౌనంగా ఉండి, "మా నాన్నగారు బడిపంతులు. అప్పుడు నాకు ఐదేళ్ళు. ఆయన ఫోటో ఒక్కటి కూడా మా ఇంట్లో మిగలలేదు. ముఖం గుర్తు లేదు" అన్నాడు. మా మెడలలో వ్రేలాడుతున్న ప్రవేశపత్రాలపై మా ముఖాలు నవ్వుతున్నాయి. ఏమనాలో మాకు తోచలేదు.

ఆ సాయంత్రం స్బెక్ థోమ్ అనే తోలుబొమ్మలాటకు తీసుకువెళ్ళాడు. కథ రామాయణమే; అక్కడ రీమ్‌కేర్ అంటారు. "వీటికి మన బొమ్మల్లాగా చేతులు కదలవేమండీ?" అని అడిగింది మా శ్రీమతి. అక్కడ ఒక్కొక్క బొమ్మా అతుకులు లేని పెద్ద తోలు పలక. బొమ్మను కాక, దానిని ఎత్తి పట్టుకొన్న మనిషే నాట్యం చేస్తాడు. ఈ కళ కూడా ఆ నాలుగేళ్ళలో దాదాపు అంతరించి, 1979 తరువాత బ్రతికి బయటపడిన కొద్దిమంది కళాకారుల వలన తిరిగి నిలిచింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఉద్యోగపు తొలినాళ్ళలో ఒక యూనిట్‌లో జరిగినది గుర్తుకు వచ్చింది. భూమిలో ఉన్న ఒక పైపులైను డ్రాయింగులో లేదు. రెండు రోజులు త్రవ్వినా దొరకలేదు. చివరకు రిటైరైన ఫోర్‌మన్‌ను ఇంటి నుండి పిలిపిస్తే, ఆయన చేతికర్రతో నేల మీద గీత గీసి చూపించాడు. ఆ గీతను డ్రాయింగులోకి ఎక్కించవలసిన వాణ్ణి నేనే. ఎక్కించలేదు. అటువంటి గీతలు ఈనాడు నా తలలో ఎన్నో ఉన్నాయి.

మూడవ రోజు బాయోన్ ఆలయ గోపురాలపై చిరునవ్వు చిందించే ముఖాలను చూచి తిరుగుముఖం పట్టాము.

వెళ్ళదలచిన మిత్రులకు రెండు మాటలు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు వాతావరణం అనుకూలం. భుజాలు, మోకాళ్ళు కప్పే దుస్తులు తప్పనిసరి. అంగ్‌కోర్ వాట్ పై అంతస్తు మెట్లు చాలా నిటారు. బౌద్ధుల పర్వదినాలలో అక్కడకు ప్రవేశముండదు. శాకాహారులు ముందే చెప్పుకోవాలి. అక్కడ కూరలలో సైతం చేపల నుండి తీసిన రసం వేస్తారు. గైడు లేకుండా మాత్రం వెళ్ళవద్దు. రాళ్ళను మనమే చూడవచ్చు గాని, వాటి కథ చెప్పేది మనిషే.

తిరిగి డ్యూటీలో చేరిన వారం, మా సెక్షన్‌లోని ఇద్దరు కుర్ర ఇంజనీర్లను ప్రక్కన కూర్చోబెట్టుకొని పాత డ్రాయింగుల కట్ట విప్పాను. ఇప్పటికి పదకొండు షీట్లు సరిదిద్దాము. ఇంకా చాలా ఉన్నాయి.