అమ్మకు అక్కి వచ్చిన వేసవి

మన కళాశాల వార్షిక సంచికకు తెలుగు శాఖ నుండి ఏటేటా ఏదో ఒక కావ్యాన్ని గురించిన వ్యాసం అందడం ఆనవాయితీ. ఈసారి వైరస్‌లను గురించి వ్రాస్తానన్నప్పుడు సంపాదకవర్గంలోని మిత్రులు నవ్వారు. జంతుశాస్త్ర శాఖలోని మిత్రులొకరు, "అయితే ప్రబంధాలను గురించి నేను వ్రాస్తాను" అన్నారు. అన్నారే గాని, నా వ్రాతప్రతిని రెండుసార్లు చదివి తప్పులు దిద్దిపెట్టింది కూడ ఆయనే. ఇందులో శాస్త్రం సరిగా ఉన్నదంటే అది ఆయన చలవ. తక్కిన కథ మాత్రం నాది, మా అమ్మది.

మా అమ్మ కుట్టుపని చేసి మమ్మల్ని చదివించింది. కర్నూలు జిల్లాలోని మా ఊళ్లో ఆడవాళ్ల రవికెలు, పిల్లల పరికిణీలు, రంజాన్‌కు ముందు నెల అంతా షల్వార్ కమీజులు. నేను తిరుపతిలో ఎం.ఏ. చదివిన రెండేళ్ల ఖర్చూ ఆ కుట్టుమిషను చక్రం మీదనే తిరిగింది. రాత్రి పది గంటలకు దీపం క్రింద కూర్చుని, అద్దాలు లేకుండానే సూదిలో దారం ఎక్కించేది. ఆ చూపును గురించి ఇరుగుపొరుగువారు చెప్పుకొనేవారు.

2019 ఏప్రిల్‌లో నేను పరీక్ష పత్రాలు దిద్దడానికి వేరొక పట్టణం వెళ్లి అక్కడే బస చేసి ఉన్నాను. ఒక రాత్రి అమ్మ ఫోన్ చేసింది. నుదుటికి ఎడమ వైపున రెండు రోజులుగా సూదులతో పొడిచినట్లు నొప్పి, ఆ ఉదయం అక్కడే ఎర్రగా పొక్కులు లేచినవట. "ఎండకు వేడి చేసి ఉంటుంది, మజ్జిగ త్రాగు" అన్నాను. మరునాడు మళ్లీ ఫోన్. "అక్కి అంటున్నారు బేటా." అక్కి అన్న మాటకు వ్యుత్పత్తి ఏమై ఉంటుందా అని ఒక్క నిమిషం ఆలోచించాను గాని, దాన్ని గురించి ఒక వైద్యుని అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. "చర్మవ్యాధే కదా అమ్మా, వారంలో దానంతటదే మానిపోతుంది" అని చెప్పి, మిగిలిన పత్రాల కట్ట విప్పాను.

మా ప్రాంతంలో అక్కికి వైద్యం అంటే అక్కి వ్రాయించుకోవడమే. కుమ్మరివారిలో పెద్దవారు ఎర్రమన్ను నీళ్లలో కలిపి, పొక్కుల చుట్టూ సింహం వంటి బొమ్మలు గీస్తారు. ఆ చల్లదనానికి మంట కొంత తగ్గుతుంది. మా వీధిలో హిందువులూ ముస్లిములూ అందరూ ఆ ఇంటికే పోయేవారు. మూడవ రోజున అమ్మ కూడ పక్కింటావిడను తోడు తీసికొని వెళ్లింది. ఆ పెద్దాయన అమ్మ ముఖాన్ని వెలుతురు వైపు త్రిప్పించి చాలాసేపు చూశాడట. తరువాత ఎర్రమన్ను గిన్నెను పక్కకు జరిపేశాడట.

"కంటి పక్కన నేను వ్రాయనమ్మా. ముక్కు కొన మీద కూడ లేచింది చూడు. పెద్దాసుపత్రికి పో" అన్నాడట.

అమ్మ ఇంటికి వచ్చి నాకు ఫోన్ చేసి ఈ మాట యథాతథంగా చెప్పింది. నా మాట కోసమే చేసింది. "రెండు రోజుల్లో నేను వస్తున్నాను కదా, వచ్చాక తీసికొని వెళ్తాను" అన్నాను. ఆ రెండు రోజులు నాలుగు రోజులైనవి.

ఆసుపత్రిలో కంటి వైద్యురాలు మొదట అడిగిన ప్రశ్న, పొక్కులు లేచి ఎన్నాళ్లయింది అని. ఏడు రోజులు అని చెప్పినప్పుడు ఆమె ఏమీ అనలేదు. మందుచీటీ వ్రాస్తూ, పొక్కులు కనిపించిన 72 గంటలలోపు ఈ మాత్రలు మొదలుపెడితే ఫలితం ఎక్కువగా ఉంటుందని మాత్రం చెప్పారు. కుమ్మరి పెద్దాయన చెప్పినది ఆ 72 గంటల లోపలనే. ముక్కు కొనకూ కంటికీ స్పర్శజ్ఞానాన్నిచ్చే నాడి ఒక్కటేననీ, ముక్కు కొన మీద పొక్కు లేచిందంటే కంటికి ప్రమాదం ఉన్నదని అర్థమనీ ఆమె వల్లనే విన్నాను. దీనిని పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల వైద్యుడు జొనాథన్ హచిన్సన్ గుర్తించాడు. ఇప్పటికీ ఆ లక్షణాన్ని వైద్యులు ఆయన పేరుతోనే పిలుస్తారు. మా ఊరి పెద్దాయన హచిన్సన్ పేరు విని ఉండడు. ఎన్ని ముఖాలు చూసి తెలుసుకొన్నాడో!

అమ్మ ఎడమ కంటి నల్లగ్రుడ్డు మీది పారదర్శకమైన పొర మచ్చపడి మసకబారింది. ఆ కంటితో ఆమెకు ఇప్పుడు వెలుతురూ, మనుషుల ఆకారాలూ తెలుస్తాయి. సూది బెజ్జం తెలియదు.

ఆ తరువాతనే నేను ఈ జబ్బును గురించి చదవడం మొదలుపెట్టాను. దొంగలు పడిన ఆరు నెలలకు మొరిగినట్లు అని మీరు అనుకొన్నా నేను కాదనను.

అక్కి బయటినుండి కొత్తగా వచ్చి తగులుకొనే జబ్బు కాదు. చిన్నతనంలో ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో ప్రవేశించిన వైరస్, పొక్కులు ఎండి స్నానం పోసిన తరువాత వెళ్లిపోదు. నాడుల వెంట పైకి ప్రాకి, వెన్నుపాము పక్కనా మెదడు మొదటనూ ఉన్న నాడీకణాల ముడులలో చేరి, యాభై అరవై సంవత్సరాలైనా నిద్రపోతుంది. వయసు మళ్లి, లేక మరొక కారణం చేత రక్షణశక్తి సన్నగిల్లినప్పుడు మేల్కొని, అదే నాడి వెంట చర్మం మీదికి దిగుతుంది. ఒక్క నాడి వెంట దిగుతుంది కనుకనే అక్కి సాధారణంగా శరీరంలో ఒక పక్కనే పట్టీ కట్టినట్లు వస్తుంది. దీనికి పాశ్చాత్యులు పెట్టిన పేరులోని జోస్టర్ అనే గ్రీకు మాటకు మొలనూలు అని అర్థం. మరొక మాట హెర్పీస్. అది ప్రాకడం అనే అర్థమున్న ధాతువు నుండి వచ్చింది. మన సంస్కృతంలోని సర్ప శబ్దమూ ఆ ధాతువుకు తోబుట్టువే. మనవాళ్లలో కొందరు అక్కిని సర్పి అనడం చూడండి. తెలుగు లెక్చరరును గనుక ఈ మాత్రం పక్కదారిని మన్నించగలరు.

ఆటలమ్మ, అక్కి రెండూ ఒకే వైరస్ పని అన్న సంగతిని స్పష్టంగా ప్రతిపాదించినవారిలో ఇంగ్లండులోని సైరెన్‌సెస్టర్ అనే చిన్న పట్టణపు వైద్యుడు ఎడ్గార్ హోప్ సింప్సన్ ముఖ్యుడు. తన దగ్గరకు వచ్చే రోగుల వివరాలను ఏళ్ల తరబడి ఓపికగా వ్రాసి పెట్టుకొని, 1965లో ఆయన తన సిద్ధాంతాన్ని ప్రకటించాడు. ఆయన మరొక మాట కూడ చెప్పాడు. ఆటలమ్మ పోసిన పిల్లల దగ్గర మసలిన పెద్దలకు, వారి లోపల నిద్రించే వైరస్ మీది కాపలా మళ్లీ పదునెక్కుతుందని. 2020లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో, ఇంట్లో పిల్లలకు ఆటలమ్మ వచ్చిన పెద్దలకు తరువాతి సంవత్సరాలలో అక్కి వచ్చే అవకాశం సుమారు 30 శాతం తగ్గినట్లు తేలింది. ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నా ఆరవ ఏట నాకు ఆటలమ్మ పోసినప్పుడు పది రోజులు నన్ను ఒడిలో పెట్టుకొని, గీరుకోకుండా నా చేతులు పట్టుకొని కూర్చున్నది అమ్మే. "నీ జబ్బే నాకు మిగిలింది" అని ఆమె అప్పుడప్పుడు హాస్యమాడేది. అది తప్పు. ఆమెది ఆమె చిన్ననాటి జబ్బే. నా జబ్బు ఆమెకు చేసినది ఏదైనా ఉన్నదంటే కొంత కాపలాయే.

ఈ వైరస్‌కు డి.ఎన్.ఏ. రూపంలో ఉన్న వ్రాత సుమారు 1,25,000 అక్షరాలు. నాలుగే అక్షరాల లిపి. తట్టు, ఇన్‌ఫ్లుయెంజా, కోవిడ్ వైరస్‌లది వేరే జాతి, వాటి వ్రాత ఆర్.ఎన్.ఏ. డి.ఎన్.ఏ. వైరస్‌లలో చాలా భాగం మన కణాలలోని కేంద్రకంలోకి, అంటే మన సొంత వ్రాత ఉండే గదిలోకే పోయి కూర్చుంటాయి. కాలేయాన్ని చెరిపే హెపటైటిస్ బి వైరస్ అట్టిదే. దానికి మన దేశంలో మొదటిసారి జన్యు ఇంజనీరింగ్ పద్ధతిలో టీకా తయారైనది 1997లో, హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్‌లో. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు కారణమయ్యే పాపిలోమా వైరస్ కూడ ఈ కోవలోనిదే. దీనిని కనిపెట్టిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి లభించింది. దీనికీ టీకా ఉన్నది. విద్యార్థినులు ఇంట్లో తల్లులతో ఈ విషయం మాట్లాడడానికి సంకోచించవద్దని మా మిత్రుడు ప్రత్యేకంగా వ్రాయమన్నారు.

మశూచి కూడ డి.ఎన్.ఏ. వైరస్సే. మా జేజి ముఖం నిండా దాని గుర్తులుండేవి. ఆమె తమ్ముడికి రెండు కళ్లూ అందులోనే పోయినవి. మసూరిక అన్న సంస్కృత పదమే మశూచి అయింది. పొక్కు మసూర్ పప్పు గింజలాగ ఉంటుందని ఆ పేరు. ఉర్దూ శాఖ విద్యార్థులు కూడ ఆ పప్పును ఆ పేరుతోనే తింటారు కదా. కాని మశూచి ఒంట్లో దాగి ఉండదు. మనిషిని చంపుతుంది, లేదా విడిచిపెట్టి పోతుంది. మనుషులలో తప్ప వేరే జంతువులలో దానికి నెలవు లేదు. అందుకే టీకాలతో దాన్ని వెదకి తరమడం సాధ్యమైంది. 1975 తరువాత మన దేశంలో ఎవరికీ సోకలేదు, 1980లో ప్రపంచమంతటా అంతరించినదని ప్రకటించారు. అమ్మ చేతి మీద ఆ టీకా మచ్చ ఉన్నది. నాకు దాని అవసరం కలగలేదు. ఆటలమ్మ వైరస్‌ను అట్లా తరమడం కష్టం. వెదకవలసిన చోటు మనలోనే, మన నాడులలోనే ఉన్నది.

మశూచినీ తట్టునూ వేరుచేసి చెప్పిన తొలి గ్రంథంగా పేరొందినది అర్‌రాజీ వ్రాసిన కితాబ్ ఫిల్ జుదరీ వల్ హస్బా. వెయ్యేళ్లకు పైబడిన పుస్తకం. అందులో మశూచి లక్షణాలు కనిపించగానే కళ్లను కాపాడుకోవడం ఎట్లాగో ప్రత్యేకంగా చెప్పి, గులాబీ నీటి చుక్కలు వేయమంటాడు. ఆ చుక్కలు ఎంత పని చేసేవన్నది వేరే సంగతి. మొదట చూడవలసింది కళ్లనే అని ఆయనకు తెలుసు. తమ్ముణ్ణి చూసిన జేజికి తెలుసు. ఎర్రమన్ను గిన్నె పక్కకు జరిపినాయనకు తెలుసు. విశ్వవిద్యాలయ పట్టా ఉన్న నాకే తెలియలేదు. తెలియకపోవడం పెద్ద తప్పు కాదు. తెలిసినవాడు చెప్పినది విని, అతని వృత్తిని చూసి ఆ మాటకు విలువ కట్టాను. నా తప్పు అది.

అమ్మకు ఇచ్చిన ఎసైక్లోవిర్ అనే మందును కనిపెట్టిన పరిశోధక బృందానికి నాయకురాలు గెర్ట్రూడ్ ఎలియన్. స్త్రీ అయినందుకు పరిశోధనాలయాలలో చోటు దొరకక కొంతకాలం బడిలో పాఠాలు చెప్పుకొన్నది. డాక్టరేటు పూర్తి చేయలేకపోయింది. 1988లో నోబెల్ బహుమతి పొందింది. ఆ మందు పని చేసే తీరు నాకు ఎంతో నచ్చింది. అది ఒక దొంగ అక్షరం. డి.ఎన్.ఏ. లిపిలోని ఒక అక్షరాన్ని పోలి ఉంటుంది. వైరస్ చేరిన కణాలలో, వైరస్ సొంత పనిముట్టే ఆ దొంగ అక్షరానికి ప్రాణం పోస్తుంది. తన నకలు వ్రాసుకొనేటప్పుడు వైరస్ దానిని పొరపాటున చేర్చుకొంటుంది, అక్కడితో వాక్యం ఆగిపోతుంది. నకళ్లు లక్షలైన తరువాత మందు వేస్తే ఏమవుతుందో, మూడవ రోజుకూ ఏడవ రోజుకూ తేడా ఏమిటో, ఇది చదివినప్పుడు నాకు బోధపడింది.

జపానులో మిచియాకి తకహాషి అనే వైద్యుడు తన కొడుకు ఆటలమ్మతో పడిన బాధ చూసి, 1974 నాటికి దానికి టీకా తయారుచేశాడు. మా అమ్మాయికి దానిని వేయించాను. పెద్దలకు అక్కి రాకుండా వేసే కొత్త టీకా మన దేశానికి 2023లో వచ్చింది. ఒకసారి వచ్చినవారికి మళ్లీ రాకూడదనేమీ లేదు గనుక, కిందటి నెలలో అమ్మను రెండవ మోతాదుకు తీసికొని వెళ్లాను. ధర వేలల్లో ఉంటుంది. బిల్లు చూసి అమ్మ దారి పొడుగునా సణుగుతూనే ఉన్నది, ఆ డబ్బుతో కొత్త కుట్టుమిషను వచ్చేదని. ఇప్పుడు ఆమె మిషను మీద కూర్చుంటే సూదిలో దారం మా అమ్మాయి ఎక్కించి ఇస్తున్నది.

ఇల్లు చేరే ముందు కుమ్మరివీధి మలుపులో అమ్మ ఆటోను ఆపించింది.

"ఆ పెద్దాయనకు ఎనభై దాటి ఉంటాయి. ఆయనకు వేయించారో లేదో అడిగి రా బేటా" అన్నది.