అమ్మ తాళాలగుత్తి

మాది షేక్‌పేట. ఫిలింనగర్‌కు కూతవేటు దూరం. ఆ మాట చెప్పగానే చుట్టాలందరూ "అయితే రోజూ సినిమావాళ్లు కనబడతారుటగా?" అంటారు. కనబడరు మహాప్రభో! నాకు రోజూ కనబడేవి రెండే: ఆఫీసులో సర్వరు, ఇంటికొస్తే మా అమ్మ.

నా ఉద్యోగం డేటాబేస్ అడ్మినిస్ట్రేటర్ అని చెబితే, "అంటే కొట్టు తాళాలు నీ దగ్గరుంటాయన్నమాట!" అంది అమ్మ. అప్పుడు నవ్వాను. ఇప్పుడు నవ్వను.

మా ఆఫీసు సినిమా పనివాళ్ల బత్తాల లెక్కలు చూస్తుంది. అవన్నీ మైక్రోసాఫ్టువారి ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఉంటాయి. మన లెక్కలు కాక, ఆ సర్వరు తన సొంతానికి కొన్ని డేటాబేసులు పెట్టుకుంటుంది. మాస్టర్ అనేది ఇంటి యజమానురాలు. ఎవరు లోపలికి రావచ్చో, ఏ డేటాబేసు ఏ డిస్కులో ఉందో దానికే తెలుసు. అది లేకపోతే సర్వరు నిద్రే లేవదు. మోడల్ కజ్జికాయల అచ్చు. కొత్త డేటాబేసు ఏది పుట్టినా దాని పోలికతోనే పుడుతుంది. ఎమ్‌ఎస్‌డీబీ వంటింటి గోడమీది కాలెండరు. ఏ రాత్రి ఏ పని జరగాలో, ఎప్పుడు ఏ నకలు తీశామో అందులో ఉంటుంది. ఇక టెంప్‌డీబీ మా షేక్‌పేట సరాయి! కుతుబ్‌షాహీల నాడు గోల్కొండకు వచ్చే బాటసారులు ఆ సరాయిలో దిగి, తమ దారిన తాము పోయేవారు. లెక్కల మధ్య చిల్లరమల్లర సరుకు కూడా అలాగే టెంప్‌డీబీలో దిగుతుంది. సర్వరు ఆగి లేచినప్పుడల్లా అది కొత్తగా పుడుతుంది. దానికి నకలు తీయడానికి వీల్లేదు. 2005 వెర్షనుతో రిసోర్స్ అని ఐదోది వచ్చింది గాని, అది మామూలు జాబితాలో కనబడదు; మనం దిద్దడానికీ లేదు.

నేను ప్రతిరాత్రీ బత్తాల లెక్కలకు నకలు తీసి వేరేచోట దాచేవాణ్ణి. మాస్టర్‌కూ ఎమ్‌ఎస్‌డీబీకీ తీయలేదు. చిన్నవేగదా, వాటిలో డబ్బు లెక్క లేదుగదా అనుకున్నాను.

ఒక శుక్రవారం రాత్రి అవి ఉన్న డిస్కు కాస్తా పోయింది. నకలే ఉంటే, కొత్త మాస్టర్ కట్టి, సర్వరును ఒక్క మనిషికే తెరుచుకునేలా లేపి, దానిమీద నకలు దింపేవాణ్ణి. లేదు గనక సర్వరును మొదటినుంచీ ఎక్కించాను. లెక్కలు పైసా తేడా లేకుండా తిరిగొచ్చాయి. కాని వాటిని తెరవవలసిన మనుషులెవరో సర్వరుకు తెలియదే! పేర్లు కొత్తగా రాశాను. పేరు అదే అయినా లోపలి గుర్తు వేరు గనక లెక్కలు వాళ్లను పోల్చుకోలేదు. ఒక్కొక్కరినీ జతచేసుకుంటూ కూర్చున్నాను.

శనివారం సాయంత్రం గేటుదగ్గర ఒక ముసలి లైట్‌మాన్ అడిగాడు: "డబ్బు లేదా బాబూ? లెక్క పోయిందా?"

"రెండూ ఉన్నాయి తాతా. తాళం పోయింది."

అతను నా మొహం ఒకసారి చూసి, ఖాళీ చేతులతో వెళ్లిపోయాడు. బత్తాలు సోమవారం ఇచ్చాము. ఆదివారం ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందో లేదో నేను అడగలేదు. అడిగే మొహం నాకు లేదు.

అమ్మకు జరిగిందంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మొలలోని తాళాలగుత్తి తడుముకుని, "మరి నా గుత్తికి నకలు తీశావుట్రా?" అంది.

నాన్న పోయిన దగ్గర్నుంచీ ఇంటి లెక్కంతా ఆవిడ బుర్రలోనే ఉంది. ఆవిడకు డెబ్భై ఎనిమిదేళ్లు. నేను లేచి నోటుపుస్తకం తెచ్చాను. బాంకు లాకరు తాళంచెవి ఎక్కడుందో, భీమా కాగితాలు ఏ పెట్టెలో ఉన్నాయో, బాబాయికి ఎంత అప్పిచ్చామో చెబుతూ పోయింది. పాత వంకీ మా పెద్దక్కదని చెప్పినప్పుడు మాత్రం మా ఆవిడ మొహం అటు తిప్పుకుంది.

"అయిందా? ఏదీ, చదువు."

చదివాను.

"చూశావా, అప్పుడే తప్పు! వంకీ బీరువాలో కాదు, దేవుడి గూట్లో అన్నాను."

దిద్దాను. తీసిన నకలును తిరిగి నిలబెట్టి చూసుకోవాలని నాకు ఇన్నేళ్ల ఉద్యోగం నేర్పలేదు. ఇప్పుడు ఆఫీసులో మాస్టర్‌కు ప్రతిరాత్రీ నకలు తీస్తున్నాను. మరో సర్వరుమీద దింపి చూస్తున్నాను కూడా. ఇంట్లో నోటుపుస్తకం నెలకోసారి తీస్తాను.

"చదువు" అంటుంది అమ్మ.