వెలిగీ వెలుగని తెర

వ్యాధులు రెండు విధములు. వచ్చి కదలక కూర్చుండునది యొకటి. వచ్చుచు పోవుచు నుండునది రెండవది. మొదటిదానిని వైద్యుడు కన్నులార చూడగలడు. రెండవది దినము విడిచి దినము వచ్చు చలిజ్వరము వంటిది. వైద్యుడు వాకిట నడుగిడు వేళకు రోగి లేచి కూర్చుండి మజ్జిగయన్నము తినుచుండును. యంత్రములకును ఇట్టి వ్యాధులు కలవు. పూర్తిగా చెడిన యంత్రముకంటె అప్పుడప్పుడు చెడు యంత్రమును బాగుచేయుటయే కష్టము.

తెనాలి ప్రాంతమున నొక గ్రామములో, తెలుగు పండితులుగా పనిచేసి విశ్రాంతి గైకొన్న పెద్దలొకరు కలరు. వారి యింట పండ్రెండేండ్ల నాటి కంప్యూటరు ఒకటి యుండెను. ఒక వర్షకాలమున దానికి వింత జబ్బు పట్టుకొనెను. మీట నొక్కగానే పెట్టెలోని ఫ్యాను తిరుగును. తెర మాత్రము వెలుగదు. ఒకనాడు మొదటి మారే వెలుగును. మరునాడు ఐదు మారులు నొక్కినను నల్లగానే యుండును.

ఆ పెట్టెలో వెలకట్టరాని ధనముండెను. పండితులవారి ధర్మపత్ని మేలుకొలుపులు, లాలిపాటలు, అప్పగింత పాటలు, మంగళహారతులు ఎన్నో యెరిగిన యిల్లాలు. ఆమె పాడుచుండగా వారు కంప్యూటరులో నెక్కించిన పాటలు 112. ఆమె గతించి రెండేండ్లయినది. ఆ పాటలకు కాగితముపై ప్రతి లేదు. తెర వెలుగని ప్రతి యుదయమును ఆమె మరల దూరమైనట్లు వారికి తోచుచుండెను.

ఇంటిలో నొక్కొక్కరిది యొక్కొక్క చికిత్స. కుమారుడు పెట్టెను ప్రక్కన తట్టెను, తెర వెలిగెను. నాటినుండి తట్టుటయే మందని యతని నమ్మకము. కోడలు వెనుకనున్న తీగను కదల్చెను, వెలిగెను. ఆమె మతమున తప్పు తీగది. పండితులవారు మీట నొక్కి, కాఫీ త్రాగి వచ్చి, మరల నొక్కిరి, వెలిగెను. వారు దానినే నియమముగా పాటింపసాగిరి. మరమ్మతు దుకాణమునకు కొనిపోగా అచ్చట మూడు మారులును చక్కగా వెలిగెను. దుకాణదారుడు తల గోకికొని, మదర్‌బోర్డు చెడియుండును, క్రొత్త యంత్రము కొనుడని చెప్పి పంపెను.

కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు నొక్క క్షణమున జరిగినచో, కాకియే పండును రాల్చెనని తలచుట సహజము. పెద్దలు దీనినే కాకతాళీయ న్యాయమనిరి. వచ్చిపోవు దోషమునందు ఇట్టి భ్రమకు తావు మెండు. దోషము తనంత తాను తొలగు వేళ ఎవ్వరేమి చేసినను వారికే కీర్తి దక్కును.

పండితులవారి మనుమరాలు ఎనిమిదవ తరగతి విద్యార్థిని. "తాతయ్యా, ఎప్పుడు వెలుగుచున్నదో, ఎప్పుడు వెలుగుట లేదో కొన్నాళ్లు వ్రాసి చూతమా?" అని యామె యడిగెను. "వ్రాయుదము తల్లీ. కాని యిల్లు కారుచున్నప్పుడు మొదట గింజల నెత్తి దాచి, పిదప కప్పు నెక్కవలెను" అని వారనిరి. మరునాడు తెర వెలుగగానే ఆమె వేరొక పని తలపెట్టక, పాటలన్నిటిని రెండు పెన్‌డ్రైవులలోనికి ఎక్కించెను. ఒకటి బీరువాలో చేరెను. రెండవది హైదరాబాదులోని మేనత్త యింటికి పోయెను. ముందు పాటలు, పిదప పరీక్ష.

తేదీ, వేళ, వాన, మీట నొక్కిన మారులు, చేసిన చికిత్స: ఇవన్నియు నొక నోటుపుస్తకమున కెక్కెను. పండ్రెండు దినములు గడచినవి. ఉదయమున ఏడు మారులు తెర వెలుగలేదు. ఆ యేడింటిలో ఆరు ముసురు పట్టిన దినములు. మధ్యాహ్నమున ఒక్కమారును తప్పలేదు. తట్టినను తట్టకున్నను ఫలమొక్కటియే. కాఫీలో మాత్రము కొంత నిజముండెను. వారు కాఫీ త్రాగి వచ్చునంతలో తిరుగుచున్న యంత్రము కొంత వేడెక్కుచుండెను!

దోషము తెరదా, పెట్టెదా? ఇది మొదటి ప్రశ్న. తెర నల్లబడిన వేళ పెట్టెను మరియొక తీగతో టీవీకి కలిపి చూచిరి. టీవీయు నల్లగనే యుండెను. దానితో తెరయు, పాత తీగయు నిర్దోషులైనవి. కీబోర్డుపై నమ్ లాక్ మీట నొక్కిరి. యంత్రము స్వస్థముగా నున్నపుడు అచ్చటి చిన్న దీపము వెలుగుచు ఆరుచుండును. ఇప్పుడు చలనము లేదు. కావున ఫ్యాను తిరుగుచున్నను యంత్రము పని ప్రారంభింపనే లేదు.

మీట నొక్కినంతనే కంప్యూటరు తన యంగములను తాను పరీక్షించుకొనును. ర్యామ్ అను జ్ఞాపకపు పలక అందకున్నచో, తెరపై నొక్క యక్షరమైన చూపక ముందే ఆగిపోవును. కొన్ని యంత్రములు అప్పుడు కూత పెట్టును. లోపల స్పీకరు లేనివి మౌనము వహించును. వారి యంత్రములోనివి డీడీఆర్ 3 పలకలు. అట్టి పలక యంచున 240 లోహపు స్పర్శస్థానములుండును. వానిలో నొక్కదానిపై తేమయు ధూళియు చేరి పొర కట్టినను చాలును. వేడికి లోహము రవంత వ్యాకోచించినపుడు స్పర్శ కుదురుటయు, చల్లబడగా తప్పుటయు కలదు.

ప్లగ్గు తీసి, మీటను కొంతసేపు నొక్కి మిగిలిన విద్యుత్తును పోనిచ్చి, పెట్టె లోహమును తాకి, పిదప పలకలను ముట్టిరి. విద్యుత్తు నందించు లోపలి చిన్న పెట్టెను మాత్రము తెరువలేదు. తీగ తీసిన పిదపను దానిలో అపాయకరమగు విద్యుత్తు నిలిచి యుండును. బాలిక పలకలు రెండింటిని తుడిచి, తావులు మార్చి పెట్టబోయెను. పండితులవారు వారించిరి. "ఒకమారు ఒక్కటియే మార్చవలెనమ్మా. రెండు మార్చితిమా, ఏది మందో తెలియదు." మొదటి పలక యొక్కటియే యున్న నాలుగుదినములును తెర వెలిగెను. రెండవదానిని అదే తావున నుంచగా రెండవనాడే నల్లబడెను. తావు మంచిదే, దోషము పలకది. దాని యంచును మెత్తని రబ్బరుతో సున్నితముగా రుద్ది, పొడి దులిపి, యథాస్థానమున నుంచిరి. తెర వెలిగెను.

ఇట్లు వ్రాసి యుంచుట క్రొత్త విద్య కాదు. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డు మార్క్ 2 అను కంప్యూటరు తప్పులు చేయుచుండగా, వెదకినవారికి ఒక రిలే నడుమ చిక్కిన చిమ్మట కనబడెను. వారు దానిని దినచర్య పుస్తకమున నతికించి, ప్రక్కన వేళ వేసి వ్రాసిరి. ఆ పుస్తకమిప్పటికిని స్మిత్సోనియన్ సంస్థవారి ప్రదర్శనశాలలో కలదు.

తెర వెలిగినంతనే బాలిక చప్పట్లు చరచెను. తాతగారు నోటుపుస్తకమును చూపి, "ఇది యింకను చప్పట్లు కొట్టలేదు" అనిరి. తట్టినప్పుడును వెలిగెను గదా! పదునైదు ఉదయములు వ్రాసి చూచిరి. వానిలో ఐదు వానలో తడిసినవి. ఒక్కనాడును తెర తప్పలేదు. పదునాఱవనాడు పాటలను కాగితముపై అచ్చొత్తించుటకు పట్టణమునకు పంపిరి.

వెలిగినందుకు సంతోషించుట యెల్లరకును సులభము. ఏల వెలిగెనో యెరుగువరకు ఓర్పుతో నుండుటయే విద్య.