చేంతాడంత చీటీ

కొండవీడు ఎక్కుతున్నంతసేపూ నా చూపు మావాడి చేతికట్టు మీదనే. నెల క్రితం ఒక విహారస్థలంలో వాణ్ణి గుర్రమెక్కించే ముందు, ఏం జరిగినా తమకు బాధ్యత లేదంటూ కొండవీటి చేంతాడంత కాగితం మీద నాచేత సంతకం పెట్టించారు. జీనుపట్టీ తెగింది, కుర్రవాడు పడ్డాడు. అడిగితే "సంతకం చేశారుగా!" అన్నారు.

వెంటవచ్చిన ప్లీడరు మిత్రుడు నవ్వాడు. "చీర పోగొట్టిన లాండ్రీవాడు రసీదు చూపి సగం ధరే ఇస్తానంటే మద్రాసు హైకోర్టు ఒప్పుకోలేదోయ్! 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 23వ సెక్షను. జీను సరిచూడలేదని మాత్రం నువ్వే రుజువు చెయ్యాలి."

ముత్యాలమ్మ చెరువు గట్టున చతికిలబడ్డాం. ఈ కొండనేలిన అనవోతారెడ్డి 1358లో మోటుపల్లి రేవు వర్తకులకు అభయమిస్తూ శాసనం వ్రాయించాడు. ఆ సంగతి చెబుతూంటే మావాడు అడ్డొచ్చాడు:

"రెడ్డిరాజుల గుర్రాలెక్కడ కట్టేవారు, నాన్నా?"