మన్నేది అల్లుడా?

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి బొగ్గుగనుల గొడవ దేనికని మీరు అడగవచ్చు. నిజమే. ప్రబంధంలోని వనవర్ణన మీద గంటసేపు మాట్లాడమంటే మాట్లాడతాను గాని, ఒక్క మొక్కను బతికించడం నాకు చేతకాదన్న సంగతి 2016 దాకా నాకే తెలియదు.

మా మేనమామది ఇల్లెందు. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు అక్కడ బొగ్గు వున్నదని కనిపెట్టాడు. 1886లో హైదరాబాదు దక్కన్ కంపెనీకి తవ్వకం హక్కులు దక్కాయి. 1920లో సింగరేణి కంపెనీ ఏర్పడి దాని ఆస్తులన్నీ తీసుకుంది. ఈ తేదీలతో మా మామకు పని లేదు. ఆయనకు తెలిసిన చరిత్ర అంతా తట్టా, చెమ్మసూను. ముప్ఫైయేళ్లు బాయి దిగాడు. అక్కడివాళ్లు గనిని బాయి అనే అంటారు.

ఆయనకు ఊరిబయట రెండెకరాల చెలక వుండేది. వానాకాలం జొన్న, గట్ల నిండా తంగేడు. బతుకమ్మ పండగ వచ్చిందంటే ఆ వీధి ఆడవాళ్లందరికీ పువ్వు అక్కణ్ణించే. ఓపెన్ కాస్టు వచ్చినప్పుడు ఆ చెలక దానికింద పోయింది. వచ్చిన డబ్బుతో కూతురి పెళ్లి చేశాడు. 

“బొగ్గు తవ్వింది నేనే, చేను పోగొట్టుకున్నదీ నేనే. ఎవల మీద కోపం పెట్టుకోవాలె?” అని నవ్వేవాడు. ఆ నవ్వు చూడడం నాకు కష్టంగా వుండేది.

పాతబాయిలో మనిషి భూమిలోపలికి దిగి బొగ్గు పైకి తెచ్చేవాడు. ఓపెన్ కాస్టులో అల్లా కాదు. పైనున్న భూమినే ఎత్తి పక్కన పోస్తారు. సింగరేణిలో ఈ పద్ధతి 1975లో రామగుండంలో మొదలయింది. ఒక టన్ను బొగ్గు కావాలంటే దానిమీదున్న రాయీ రప్పా ఎన్నో టన్నులు తొలగించాలి. అదంతా పక్కన గుట్టయి కూర్చుంటుంది. మా మామ చెలకమీద కూర్చున్నది అటువంటి గుట్టే.

ఆ గుట్టను పచ్చగా చెయ్యాలని నాకు బుద్ధి పుట్టింది. 2016 వానాకాలంలో అనుమతి తీసుకుని మా కాలేజీ పిల్లలను వెంటబెట్టుకుని వెళ్లి వంద మొక్కలు నాటించాను. వృక్షో రక్షతి రక్షితః అంటూ ఉపన్యాసం కూడా దంచాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఉగాదికి వెళ్లి చూస్తే తొమ్మిది మొక్కలు మిగిలాయి. రోహిణికార్తె నాటికి అవీ లేవు. వాన నీళ్లు కోసిన గాడులు మాత్రం గుట్ట పొడుగునా వున్నాయి.

మా మామ కర్ర పోటీతో గుట్ట ఎక్కి ఒక పిడికెడు తీసి నా అరచేతిలో పోశాడు.

“చెట్లు నాటినవ్ సరే, మన్నేది అల్లుడా?”

“ఇదంతా మన్నే కదా, మామా!”

“ఇది మన్నెట్లయితది? బండపొడి. నేను బాయిల చూసిన బండే. పొద్దు మొఖం చూడని బండల గింజ ఎట్ల మొలుస్తది?”

ఎమ్మే చదివినవాణ్ణి నోరు మూసుకున్నాను.

తరువాత అడవుల సంగతి తెలిసిన ఒక ఆఫీసరుగారిని ఆశ్రయిస్తే, ఆయన మా మామ చెప్పినదే శాస్త్రభాషలో చెప్పారు. ప్రాణమంతా పైనుండే ఆ కాస్త మట్టిలోనే వుందట. కుళ్లిన ఆకూ అలమూ, కంటికి కనిపించని జీవులూ, రాలి నిద్రపోతున్న విత్తనాలూ అన్నీ అందులోనే. అది తయారు కావడానికి ప్రకృతికి వందల ఏళ్లు పడుతుంది. యంత్రం ఎత్తి పారబోయడానికి ఒక్క పూట చాలు. అందుకని తవ్వకానికి ముందే పైమట్టిని వేరుగా తీసి దాచాలి. దాచడంలోనూ మెలకువ కావాలి. మరీ ఎత్తుగా పోసి ఏళ్ల తరబడి వదిలేస్తే లోపలున్న ప్రాణం చచ్చిపోతుంది. గుట్టను మెట్లు మెట్లుగా కోసి, వాన నీటికి కాలువలు తీసి, అప్పుడు ఆ మట్టి పరవాలి. ముందు నాటవలసింది చెట్లు కావు. వాలు పట్టుకునేందుకు గడ్డీ, వట్టివేరూ. నేలకు బలం ఇచ్చేందుకు జీలుగ, జనుము వంటివి. వాటి వేళ్ల బుడిపెల్లో గాలిలోని నత్రజని నిలవ అవుతుంది. అవి రాలి కుళ్లి కాస్త నేల తయారయ్యాకనే కానుగ, వేప, వెదురూ.

గని తెరిచేనాడే దాన్ని ఎల్లా మూయాలో పథకం వెయ్యాలనీ, ఆ ఖర్చుకు ప్రతి సంవత్సరం విడిగా డబ్బు కట్టాలనీ కేంద్ర బొగ్గు మంత్రిత్వశాఖ 2009లో నియమం పెట్టిందని కూడా ఆయనే చెప్పారు. బాగుంది. డబ్బు బ్యాంకులో దాచవచ్చు. పారబోసిన పైమట్టిని ఏ బ్యాంకు తిరిగి ఇస్తుంది?

2018లో మళ్లీ వెళ్లాం. ఈసారి ఉపన్యాసం లేదు. రెండు గుంటల జాగా మాత్రమే ఎంచుకున్నాం. ఊరి చెరువులో పూడిక తీస్తుంటే ఆ మట్టి ట్రాక్టర్లమీద తోలించాం. ఎక్కడ ఎంత మందం పరవాలో మా మామ గట్టుమీద కూర్చుని చెప్పాడు. ఆ ఏడు జీలుగ చల్లాం, మరుసటి ఏడు కానుగ నాటాం. అన్నీ బతకలేదు, సగానికి పైగా బతికాయి.

2023 బతుకమ్మ పండగకు వెళ్లినప్పుడు మా మామ నన్ను చెయ్యి పట్టుకుని అక్కడికి తీసుకుపోయాడు. కానుగల పక్కన ఒక తంగేడు పొద, ఒళ్లంతా పసుపు పూసుకున్నట్టు పూసి వుంది. దాన్ని మేమెవ్వరం నాటలేదు. చెరువు మట్టిలో వచ్చిందో, ఏ గాలివానకు కొట్టుకొచ్చిందో!

ఆ పువ్వు ఒడినిండా కోసుకుని ఇంటికి తెస్తే మా అత్తయ్య తాంబాళంలో పేర్చుకుంటూ, తల ఎత్తకుండానే అంది:

“పువ్వయితే వచ్చింది. జొన్న ఎప్పుడు వస్తదో అడుగు మీ మామను.”

మా మామ నా వంక చూశాడు. నేను తాంబాళం వంక చూశాను.